ఫా, సోల్, లా అంటూ పాడేది ఏ భాష? చదరంగా కూర్చుని పాడే ఆ పాట గురించి

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను. పదహారేళ్ళ కిందట నేనూ అచ్చం ఇలాగే బిత్తరపోయాను. మీరు విన్నదాన్ని సేక్రెడ్ హార్ప్ పాట అంటారు, మీ చేతికిచ్చిన పుస్తకం పేరే దానికీ వచ్చింది.

ప్రశ్న చూడనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. అట్లాంటాలో ఉంటున్న ఈవిడను తోటి ఉద్యోగి ఒకరు పశ్చిమ జార్జియాలోని ఒక పల్లె చర్చికి తీసుకువెళ్ళారు. అక్కడ ప్రసంగం లేదు, పియానో లేదు, వేదిక మీద గాయకులూ లేరు. జనం నాలుగు వైపులా ఎదురెదురుగా కూర్చున్నారు. ప్రతి పాటనూ ముందు ‘ఫా లా సోల్’ అంటూ అర్థంకాని ముక్కలతో పాడి, వెంటనే అదే వరసలో మాటలు పెట్టి గొంతెత్తి పాడారు. చేతికిచ్చిన అడ్డపొడుగు పుస్తకంలో స్వరాల గుర్తులు ముక్కోణాలుగా, చదరాలుగా ఉన్నాయి. ‘ఇవి పాతకాలపు ప్రార్థనలా? అంత కటువుగా ఎందుకు పాడతారు? చిన్నప్పుడు నాలుగేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, అయినా ఏమీ అర్థం కాలేదు. మన తెలుగు చర్చి పాటలకూ దీనికీ సంబంధం ఉందా?’ అని అడిగారు. దాని కింద ఒకాయన, ఇది చదువురాని రైతుల కోసం పుట్టిన చవక పద్ధతి అనీ సంగీతంగా పట్టించుకోనక్కరలేదనీ తేల్చేశారు. ఆయన మాట సంగతికి తరవాత వస్తాను.

నా గురించి ఒక్క ముక్క. గుంటూరు దగ్గర లూథరన్ కుటుంబంలో పుట్టాను, చర్చి గాయక బృందంలో పెరిగాను. ఉద్యోగం కోసం అలబామా వచ్చి ఈ పాటలో పడ్డాను. పండితుణ్ణి కాను. బాస్ అనే అడుగు గొంతు వైపు బెంచీ మీద కూర్చుని పదహారేళ్ళుగా పాడుతున్నవాణ్ణి.

ముందు ఆ ‘అర్థంకాని ముక్కల’ సంగతి. మీరు నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్నారు కాబట్టి గీతం ఎలా నేర్పారో గుర్తు చేసుకోండి. ముందు స్వరం పాడించి, అది నోటికి వచ్చాక సాహిత్యం పాడిస్తారు కదా. వీళ్ళు చేసేది కూడా అదే. తేడా అల్లా, మనం స్వరం పాడటాన్ని పాఠం దగ్గరే వదిలేసి కచేరీలో నేరుగా సాహిత్యం అందుకుంటాం. వీళ్ళు డెబ్బై ఏళ్ళు పాడినవారైనా సరే, వెయ్యోసారి పాడుతున్న పాటకైనా సరే ముందు స్వరం పాడతారు.

మనకు ఏడు పేర్లుంటే వీళ్ళకు నాలుగే ఎందుకు? శంకరాభరణం ఆరోహణ పాడండి. స-రి-గ మధ్య ఎంతెంత దూరాలున్నాయో మ-ప-ద మధ్య కూడా అంతంతే ఉన్నాయి. ఒకే మెట్లవరుస రెండుసార్లు వస్తోంది. ఒకేలా ఉన్నవాటికి రెండు జతల పేర్లెందుకని ఇంగ్లండులో ఎప్పుడో పాతకాలంలోనే పేర్లు కుదించారు. స, మ రెండూ ‘ఫా’. రి, ప రెండూ ‘సోల్’. గ, ద రెండూ ‘లా’. జత దొరకక మిగిలిపోయిన నిషాదం ఒక్కటే ‘మి’. అలా సరిగమపదనిస అన్నది ఫా-సోల్-లా-ఫా-సోల్-లా-మి-ఫా అయింది. ‘మి’ ఎక్కడుందో కనిపెడితే ఆపై మెట్టు షడ్జమం. పాత పుస్తకాల ముందుమాటల్లో ‘మి’ని వెతకడానికే పేజీలు ఖర్చుపెట్టారు.

ఇక ఆకారాలు. ఫా ముక్కోణం, సోల్ గుండ్రం, లా చదరం, మి వజ్రం. మామూలు పాశ్చాత్య స్వరలిపిలో లాగే ఇవీ అయిదు గీతల మీదే కూర్చుంటాయి. గుర్తు తలకాయ ఆకారం ఒక్కటే మారుతుంది. దీనివల్ల ఏమి కలిసివస్తుంది? ఆధార షడ్జమం ఏ గీత మీదికి జరిగినా షడ్జమం ముక్కోణంగానే కనిపిస్తుంది. శ్రుతి మారితే గీతల మీద చోటు మారుతుంది, ఆకారం మారదు. కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. మనకు శ్రుతి ఎంతైనా ‘స’ ‘స’యే.

చేతిలో పట్టుకుని చూద్దాం. అమేజింగ్ గ్రేస్ మీకు తెలిసే ఉంటుంది. మొదటి పాదం మన స్వరాల్లో ప, స, గస, గ, రి, స, ద, ప. మొదటి పంచమమూ చివరి ద, ప స్వరాలూ మంద్రస్థాయివి. వీళ్ళ నోట అది సోల్, ఫా, లాఫా, లా, సోల్, ఫా, లా, సోల్. పుస్తకంలో చూస్తే గుండ్రం, ముక్కోణం, చదరం-ముక్కోణం, చదరం, గుండ్రం, ముక్కోణం, చదరం, గుండ్రం. గాంధారమూ ధైవతమూ రెండూ చదరాలే కదా, తికమక కాదా అంటారేమో. కాదు. ఒకటి పై గీతల్లో ఉంటుంది, ఇంకొకటి కింది గీతల్లో. కన్ను ఎత్తునూ ఆకారాన్నీ ఒకేసారి చదివేస్తుంది. అన్నట్టు పాటంతా పాడి చూడండి, మధ్యమమూ నిషాదమూ ఎక్కడా తగలవు. అచ్చమైన మోహనం! గమకాలు లేని మోహనం అనుకోండి. వీళ్ళ పాత వరసల్లో ఇలా అయిదారు స్వరాలతో సరిపెట్టుకునేవి చాలా ఉన్నాయి.

విషాదంగా వినిపించే పాటలకు ‘లా’ ఆధారం. లా-మి-ఫా-సోల్-లా-ఫా-సోల్-లా. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పాడితే అది నటభైరవి మేళం. కానీ అలబామాలో తాతల కాలం నుంచి పాడుతున్న కుటుంబాల పక్కన కూర్చుని వినండి. ధైవతాన్ని పైకెత్తి చతుశ్రుతి ధైవతంగా పాడతారు. అలా పాడమని అచ్చులో ఎక్కడా లేదు, అడిగితే ‘మేము రాసినట్టే పాడుతున్నాం’ అంటారు. అచ్చులో నటభైరవి, నోట్లో ఖరహరప్రియ. ఇది కనిపెట్టిన రోజు నాకు రాత్రంతా నిద్రపట్టలేదు.

ఇప్పుడు చరిత్ర. ‘పాతకాలపు ప్రార్థనలా’ అని అడిగారు కదా, సగం అవును. ఇంగ్లండు నుంచి వచ్చి మసాచుసెట్స్‌లో స్థిరపడిన ప్యూరిటన్లు అనే కట్టుబాటు క్రైస్తవులు ఆరాధనలో బైబిల్లోని దావీదు కీర్తనలు తప్ప వేరే పాట పాడనిచ్చేవారు కాదు. వాయిద్యాలను గడప తొక్కనివ్వలేదు. బ్రిటిష్ ఉత్తర అమెరికాలో అచ్చయిన మొట్టమొదటి పుస్తకమే 1640లో కేంబ్రిడ్జ్‌లో వచ్చిన కీర్తనల పుస్తకం. దాన్ని బే సామ్ బుక్ అంటారు. ఆ తొలి ముద్రణ ప్రతులు నేడు ప్రపంచం మొత్తం మీద పదకొండే మిగిలాయి. అందులో ఒకటి 2013లో కోటీ నలభై లక్షల డాలర్లకు పైగా పలికింది. అంత విలువైన పుస్తకంలో ఒక్క స్వరం కూడా లేదు, అన్నీ మాటలే. 1698 ముద్రణలో గానీ వెనకాల పదమూడు వరసలు చేర్చలేదు.

నూట యాభై కీర్తనలకు పదమూడు వరసలు ఎలా చాలాయంటారా? వేమన పద్యాలన్నీ బడిలో ఒకే వరసలో అప్పజెప్పలేదా మనం? ఆటవెలది ఏదైనా ఆ వరసలో ఇమిడిపోతుంది. ఇక్కడా అంతే. కీర్తనలను పాదానికి 8, 6, 8, 6 అక్షరాల చొప్పునో, నాలుగు పాదాలూ 8 అక్షరాలతోనో ఛందస్సులో పెట్టారు. ఆ కొలతకు సరిపోయిన వరస ఏదైనా వాడుకోవచ్చు. అందుకే వరసకు మాటలతో సంబంధం లేని పేరు ఉంటుంది, ఎక్కువగా ఊరి పేరు. విండమ్, లెనాక్స్, నార్త్‌ఫీల్డ్ అన్నవి మీ పుస్తకంలో పాటల తలమీద కనిపించాయి కదా, అవి వరసల పేర్లు.

పుస్తకాలు తక్కువ, చదవగలిగినవారు ఇంకా తక్కువ. అందుకని డీకన్ అనే చర్చి పెద్ద ఒక పాదం పైకి చదివితే జనం దాన్ని పాడేవారు, ఆయన మళ్ళీ ఇంకో పాదం అందించేవాడు. మన భజనల్లో ముందువాడు చెబితే వెనకవాళ్ళు అందుకున్నట్టే, కాకపోతే చాలా విలంబంలో. తరాలు గడిచేకొద్దీ ఒక్కో స్వరం సాగి సాగి, ఎవరి గొంతుకు తోచిన అలంకారం వారు చేర్చుకున్నారు. బోస్టన్‌లో శామ్యూల్ స్యూవల్ అనే న్యాయమూర్తి ఏళ్ళ తరబడి చర్చిలో వరస ఎత్తుకునే పని చేశాడు. తాను యార్క్ అనే వరస ఎత్తుకుంటే జనం రెండో చరణానికల్లా సెయింట్ డేవిడ్స్ అనే మరో వరసలోకి జారిపోయారని 1718లో దినచర్యలో రాసుకున్నాడు. సేలంలో మంత్రగత్తెల విచారణ చేసిన న్యాయమూర్తుల్లో ఆయనా ఒకడు. పాట దగ్గర మాత్రం ఆయన తీర్పు ఎవరూ వినలేదు! 1721లో థామస్ వాల్టర్ అనే యువ పాదిరి, ఒక్క స్వరం పాడుతూ మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చిందని రాశాడు.

ఆ వాల్టరూ, జాన్ టఫ్ట్స్ అనే మరో పాదిరీ, చూసి పాడటం నేర్పే పుస్తకాలు తెచ్చారు. వాల్టర్ పుస్తకం వచ్చింది ఆ 1721లోనే. టఫ్ట్స్ అయితే గీతల మీద గుర్తులకు బదులు నేరుగా ఫా, సోల్, లా, మి పేర్ల మొదటి అక్షరాలే అచ్చువేశాడు. ఊరూరా పాటల బడులు మొదలయ్యాయి. దీనికి ఎంత గొడవ జరిగిందంటే, వ్యతిరేకుల అభ్యంతరాలను థామస్ సిమ్స్ అనే పాదిరి 1723లో వరసగా రాసిపెట్టాడు. ఇది పోపు మతంలోకి దారి తీస్తుందని, రేపు వాయిద్యాలు కూడా వస్తాయని, డబ్బు గుంజే ఎత్తని, కుర్రకారు రాత్రిళ్ళు ఇల్లు పట్టడం లేదని, అన్నిటికీ మించి ఈ ఫా సోల్ లా పేర్లు బూతులూ దైవదూషణా అని! మీకు ఆ ముక్కలు వింతగా తోచాయన్నారు కదా, మూడు వందల ఏళ్ళ కిందట మీకు చాలామంది తోడున్నారు.

కుర్రకారు గురించి చెప్పినది మాత్రం నిజమే అయి ఉండాలి. చలికాలపు సాయంత్రం ఆడపిల్లలూ మగపిల్లలూ పెద్దలు ఒప్పుకున్న పద్ధతిలో ఒకచోట చేరడానికి ఆ ఊళ్ళలో పాటల బడిని మించిన సాకు ఏముంది?

ఆ బడుల నుంచే అమెరికా తొలి స్వరకర్తలు వచ్చారు. వీళ్ళెవరూ సంగీతం మీద బతికినవారు కారు. బోస్టన్‌కు చెందిన విలియం బిల్లింగ్స్ తోళ్ళు ఊనేవాడు. న్యూ హేవెన్‌లోని డేనియల్ రీడ్ దువ్వెనలు చేసేవాడు. ఆలివర్ హోల్డెన్ వడ్రంగి. జస్టిన్ మోర్గన్ పేరు ఇవాళ పాటకంటే గుర్రాల జాతికి ఎక్కువ ప్రసిద్ధి. నాకు వీళ్ళందరిలో బిల్లింగ్స్ అంటే ప్రాణం. ఒక కన్ను లేదు, ఒక కాలు పొట్టి, బట్టల మీద శ్రద్ధ లేదు. 1770లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, అన్నీ సొంత వరసలతో వందకు పైగా పాటల పుస్తకం అచ్చు వేయించాడు. ముఖచిత్రం చెక్కింది పాల్ రివీర్, విప్లవ యుద్ధపు కథల్లో గుర్రమెక్కి ఊళ్ళను మేలుకొలిపిన ఆ రివీరే. బిల్లింగ్స్ పాటల్లో అపస్వరపు ఘాటు చాలదని ఎవరో విమర్శిస్తే, 1778 పుస్తకంలో మొదటి నుంచి చివరి దాకా అపస్వరాలే కూర్చి ‘జార్గన్’ అనే పాట రాసి పడేశాడు. చివరికి పేదరికంలో పోయాడు. బోస్టన్ కామన్‌లో ఎక్కడో సమాధి ఉంది, మీద రాయి లేదు.

వీళ్ళకు బాగా ఇష్టమైన ఒక కట్టడం ఉంది, దాన్ని ఫ్యూగింగ్ ట్యూన్ అంటారు. మొదట నాలుగు గొంతులూ (అడుగున బాస్, దాని మీద టెనర్, ఆపై ఆల్టో, అన్నిటికీ పైన ట్రెబుల్) కలిసి నడుస్తాయి. ఒకచోట ఆగుతాయి. అప్పుడు బాస్ ఒంటరిగా పాదం ఎత్తుకుంటుంది, వెంటపడి టెనర్, దాని వెనక ట్రెబుల్, అందరికంటే చివర ఆల్టో. ఒకే మాట నాలుగు చోట్ల నుంచి తరుముకొస్తుంది. మీరు వెళ్ళిన చోట నార్త్‌ఫీల్డ్ పాడే ఉంటారు, అది పాడని రోజు అరుదు. జెరెమయా ఇంగల్స్ ఆ వరసను పూటకూళ్ళ ఇంట్లో భోజనం ఎంతకీ రాకపోతే ‘ఎంతసేపయ్యా’ అని విసుక్కుంటూ కట్టాడని కథ చెబుతారు. కట్టుకథే కావచ్చు. ఇప్పుడు ఆ వరసకు ఉన్న మాటలు మాత్రం ‘ఎంతకాలం ప్రభువా ఎంతకాలం’ అనే అర్థంలో మొదలవుతాయి.

ఆకారాల కాలం ఇక్కడ వస్తుంది. 1801లో ఫిలడెల్ఫియాలో విలియం లిటిల్, విలియం స్మిత్ అనే ఇద్దరు ది ఈజీ ఇన్‌స్ట్రక్టర్ అనే పుస్తకం వేశారు. నాలుగు ఆకారాలు అందులో తొలిసారి కనిపించాయి. పాటల మాస్టరు ఒక ఊళ్ళో ఉండేది కొన్ని వారాలే. ఆ లోపల జనానికి కొత్త పుస్తకం తెరిచి పాడటం రావాలి. ఆకారం చూస్తే పేరు, పేరు పలికితే స్వరం. ఆండ్రూ లా అనే మరొకాయన కూడా ఆకారాలు వాడి, ఒక అడుగు ముందుకేసి గీతలే తీసేశాడు. జనం గీతలు వదులుకోలేదు, ఆయన పుస్తకాన్నే వదిలేశారు.

ఇప్పుడు ‘చవక పద్ధతి’ అన్న పెద్దాయన మాట. ఆయన ఒంటరివారేమీ కాదు. రెండు వందల ఏళ్ళ కిందటే పట్టణాల పండితులు ఈ ఆకారాలను గోధుమగింజ స్వరాలని వెక్కిరించారు. (గోధుమ అంటే మన గోధుమ కాదు, మూడు పలకల గింజ ఉండే బక్‌వీట్.) ఆ దృష్టికి పెద్ద ప్రతినిధి లోవెల్ మేసన్. యూరపు శాస్త్రీయ పద్ధతిలో సాఫీగా, వినయంగా నడిచే చర్చి సంగీతం కావాలన్నాడు, సాధించాడు. 1838లో బోస్టన్ ప్రభుత్వ బడుల్లో సంగీతాన్ని పాఠంగా పెట్టించింది కూడా ఆయనే. మా పాటగాళ్ళలో మేసన్‌ను ప్రతినాయకుణ్ణి చేయడం అలవాటు, నాకు అది నచ్చదు. బడిలో పిల్లలందరికీ పాట నేర్పించినవాణ్ణి ఎలా తిడతాం? కానీ ఆయన గాలికి బిల్లింగ్స్ తరం వరసలు ఉత్తరాది చర్చిల నుంచి కొట్టుకుపోయాయి. వింత ఏమిటంటే, మేసన్ తన మొదటి పుస్తకం కూర్చినది జార్జియాలోని సవానాలో, బ్యాంకు గుమాస్తాగా పనిచేస్తూ. ఆయన తరిమేసిన సంగీతం కాపురం పెట్టింది కూడా ఆ జార్జియాలోనే.

పెన్సిల్వేనియా, షెనాండోవా లోయ మీదుగా ఆకారాల పుస్తకాలు దక్షిణాదికి దిగాయి. అక్కడ వాటికి జానపద వరసలు తోడయ్యాయి. దక్షిణ కరోలినాకు చెందిన విలియం వాకర్ 1835లో సదరన్ హార్మనీ వేశాడు. న్యూ బ్రిటన్ అనే వరసకు జాన్ న్యూటన్ రాసిన అమేజింగ్ గ్రేస్ మాటలను జతచేసి అచ్చువేసింది ఆ పుస్తకమే. అంతకు ముందు ఆ మాటలు వేరు, ఆ వరస వేరు. ఇవాళ ప్రపంచమంతా పాడుతున్నది ఆ జంట. వాకర్ తోడల్లుడు బి.ఎఫ్. వైట్. అక్కచెల్లెళ్ళను చేసుకున్నారు ఇద్దరూ. వైట్ జార్జియాకు మకాం మార్చి, ఇ.జె. కింగ్ అనే యువకుడితో కలిసి 1844లో ది సేక్రెడ్ హార్ప్ తెచ్చాడు. కింగ్ పాపం ఆ ఏడాదే చనిపోయాడు. తోడల్లుళ్ళ మధ్య పుస్తకం దగ్గర మనస్పర్థలు వచ్చాయని చెప్పుకుంటారు. తోడల్లుళ్ళన్నాక ఏదో ఒకటి చెప్పుకోకుండా ఎవరు ఊరుకుంటారు!

మీ చేతికిచ్చిన పుస్తకం ఆ 1844 పుస్తకపు వారసురాలే. మొదట్లో చాలా పాటలకు మూడు గొంతులే ఉండేవి. ఆల్టో వరసలు 1902, 1911 కూర్పుల్లో కలిశాయి. తరవాత 1936, 1991, మొన్న 2025లో కొత్త కూర్పులు వచ్చాయి. అలబామా దక్షిణాన, ఫ్లారిడా వైపు కొందరు 1902లో కూపర్ అనే ఆయన సవరించిన పుస్తకపు శాఖనే వాడతారు. అలబామాలోని ఓజార్క్‌లో నల్లజాతివారు తమ సొంత వరసలతో 1934లో ఒక పుస్తకం వేసుకున్నారు, దాన్ని తెచ్చినాయన పేరు జడ్జ్ జాక్సన్. జడ్జ్ అన్నది ఆయన పేరే, ఉద్యోగం కాదు. తెల్లవారి సభల్లో వారికి చోటులేని రోజులవి. పాట ఎంత కలుపుగోలుదైనా ఆ గోడ ఉన్న మాట దాచనక్కరలేదు.

ఎక్కడైనా ఏడు ఆకారాల పుస్తకం కనిపిస్తే అది మరో శాఖ. 1846లో జెస్సీ ఐకిన్ దో-రే-మి ఏడు పేర్లకూ ఏడు ఆకారాలు పెట్టాడు. దక్షిణాది గాస్పెల్ పాటలన్నీ ఆ దారిన పోయాయి.

ఇక ‘అంత కటువుగా ఎందుకు’ అన్న ప్రశ్న. దీనికి సగం జవాబు మీరు ఎక్కడ కూర్చున్నారన్న దానిలో ఉంది. వెనక బెంచీలో కూర్చున్నానన్నారు. అక్కడ కూర్చుంటే మీకు దగ్గరున్న ఒక్క గొంతే మీద పడుతుంది. ఈ పాట వినేవారి కోసం కట్టినది కాదు. శ్రోతలకు అసలు చోటే పెట్టలేదు చూడండి. టెనర్లకు ఎదురుగా ఆల్టోలు, బాస్‌కు ఎదురుగా ట్రెబుళ్ళు, అందరి ముఖాలూ లోపలికే. మధ్యలో ఖాళీ చోటు. పాట పాడించేవారు ఒక్కొక్కరుగా అక్కడికి వచ్చి నిలబడి, పేజీ నంబరు చెప్పి, చేత్తో తాళం వేస్తూ నడిపిస్తారు. పదేళ్ళ పిల్ల నిలబడినా, తొంభై ఏళ్ళ తాత నిలబడినా పద్ధతి అదే. చప్పట్లుండవు. ముందు బెంచీలో ఒకరు ఏ పరికరమూ లేకుండా తన గొంతుతో శ్రుతి ఇస్తారు. పుస్తకంలో ఏ శ్రుతి రాసి ఉన్నా సరే, ఆ పూట జనం గొంతులు ఎలా ఉన్నాయో చూసి తగ్గిస్తారు, పెంచుతారు.

రెండో కారణం కట్టడంలోనే ఉంది. మనకు అలవాటైన చర్చి పాటలో అసలు వరస పైగొంతులో ఉంటుంది, మిగతా మూడూ దాన్ని మోస్తాయి. ఇక్కడ అసలు వరస టెనర్‌ది. అయితే మిగతావి కూడా కూలివాళ్ళలా మోయవు. దేని దారి దానిది, విడిగా పాడుకున్నా పాటలాగే ఉంటుంది. టెనర్‌నూ ట్రెబుల్‌నూ ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ఒక స్థాయి ఎడంతో పాడతారు కాబట్టి నాలుగు గొంతులు ఆరుగా మోగుతాయి. పాదాంతాల్లో తరచుగా గాంధారం ఉండదు, షడ్జమ పంచమాలే ఉంటాయి. తంబురా మీటితే వచ్చే ఆ బోలు నాదం. గాంధారపు తీపికి అలవాటుపడ్డ చెవికి అది ముందు గరుకుగానే తగులుతుంది. నాకు కూడా తగిలింది.

నేను రెండోసారి వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ నా మోచేయి పట్టుకుని మధ్యలోకి తీసుకువెళ్ళి, తాను పాడిస్తుంటే పక్కన నిలబడమన్నారు. నార్త్‌ఫీల్డ్ పాడుతున్నారు. బాస్ పక్క నుంచి ఎత్తుకుంది. పాదాల కింద చెక్క నేల అదిరింది. టెనర్ ముందు నుంచి వచ్చి ఛాతీకి తగిలింది. ఆ తరవాత ట్రెబుల్ ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తులేదు. ఆవిడ చేయి మాత్రం కిందికీ పైకీ సాఫీగా, చల్ల చిలుకుతున్నట్టు ఆడుతూనే ఉంది. ఆ రోజు నుంచి నాకు ‘కటువు’ అన్న మాట నోటికి రాలేదు. అందుకే రికార్డింగులు విని తీర్పు చెప్పవద్దని అందరికీ చెబుతాను. మైకు పెట్టడానికి సరైన చోటు ఆ ఖాళీ మధ్యభాగం ఒక్కటే, అక్కడేమో మనిషి నిలబడి ఉంటాడు.

మన తెలుగు చర్చి పాటలతో సంబంధం అడిగారు. నేరుగా లేదు. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరికి, లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరుకు వచ్చేనాటికి, వారి చర్చిల్లో మేసన్ పక్షం గెలిచేసింది. మనకు చేరిన నాలుగు గొంతుల పాటలు ఎక్కువగా ఆ సాఫీ బాణీవే. క్రిస్మస్‌నాడు ఊరూరా పాడే జాయ్ టు ది వరల్డ్ వరసను కూర్చినది మేసన్. ‘నియరర్ మై గాడ్’ వరస కూడా ఆయనదే. రెండో పాయ మన సొంతం. పురుషోత్తమ చౌదరి వంటివారు రాసిన కీర్తనలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట తలమీద రాగమూ తాళమూ వేసి ఉంటాయి. ఇంగ్లిషు వరసలో పాడుతూ ముద్దగా సాగదీసే మా ఊరి పెద్దలు, చౌదరిగారి కీర్తన రాగానే నిటారుగా కూర్చునేవారు. ఆ మార్పు నాకు ఇక్కడి పల్లె చర్చిలో మళ్ళీ కనిపించింది, అంతవరకే పోలిక.

మళ్ళీ వెళ్ళాలనుకుంటే కొన్ని మాటలు. సంగీతం రావలసిన పనిలేదు. మీకు వచ్చు కాబట్టి ఒక చిక్కు ఉంది, నోరు ‘స’ అనబోతుంది, ‘ఫా’ అనాలి. మొదటి రెండు నెలలు నాకు మధ్యమం దగ్గర నాలుక మడతపడేది. పాట ఆరంభంలో స్వరం పాడేటప్పుడు పేర్లు అందకపోతే ‘లా’ అంటూ వరస మాత్రం పట్టుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. టెనర్ వైపు రెండో మూడో వరసలో కూర్చోండి. అసలు వరస అక్కడే ఉంటుంది, ముందు బెంచీలో ఆరితేరినవారు ఉంటారు, వారి చేతులు చూస్తూ తాళం వేయండి. పుస్తకం కొనేముందు ఆ ఊళ్ళో ఏ కూర్పుతో పాడతారో అడగండి. 1991 కూర్పు అయితే న్యూ బ్రిటన్ 45వ పేజీ పైభాగం, నార్త్‌ఫీల్డ్ 155. ఇంటి దగ్గర ఆ రెండూ సరిగమల్లో రాసుకుని, పక్కన ఫా సోల్ లా రాసుకుని పాడుకుంటే చాలు. మూడో పాట అదే వస్తుంది.

మధ్యలో ఒక భాగం ఆ ఏడాది పోయినవారి పేర్లు చదివి వారి కోసం పాడతారు. అప్పుడు ఫోటోలు తీయకండి. మిగతా సమయంలో ఎవరూ పట్టించుకోరు.

మధ్యాహ్నం చెట్ల కింద పొడవాటి బల్లల మీద భోజనాలుంటాయి. ఎవరింటి నుంచి వారు వండి తెస్తారు. పోయినసారి ఖాళీ చేతులతో వెళ్ళానని మొహమాటపడ్డారు కదా, ఈసారి పులిహోర తీసుకువెళ్ళండి, మిరపకాయలు తక్కువ వేసి. నేను పెద్ద గిన్నెడు తీసుకువెళ్ళిన రోజు అది వేయించిన కోడికంటే ముందు అయిపోయింది. గిన్నె అక్కడే మరిచిపోకండి. సాయంత్రం చివరి పాట, 62వ పేజీ, పాడుతూ అందరూ లేచి తిరుగుతూ చేతులు కలుపుతారు. ఆ హడావిడిలో నా గిన్నెలు రెండు పోయాయి.